మొన మార్చమని చెప్పే నాలుక

నా ఈడు ఆడవాళ్ళు కాపురానికి వచ్చిన కొత్త రోజులు తలుచుకుంటే చీరలో, నగలో, అత్తగారి దెప్పుళ్ళో కళ్ళ ముందు కదులుతాయంటారు. నాకు మట్టి కదులుతుంది. అదీ కళ్ళ ముందు కాదు, నాలుక మీద. మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద నడుం వాల్చానంటే చాలు, ఎక్కడి నుంచి వస్తుందో గుడివాడ నల్లరేగడి, చల్లగా, కొంచెం వగరుగా నోట్లోకి వచ్చేస్తుంది. దాని వెనకే నందివాడ మట్టి వస్తుంది, కుళ్ళిన తూటికాడల వాసనతో, పంటి కింద నత్తగుల్ల పొడితో. ఆ తర్వాత బందరు ఇసుక. బందరు ఇసుకకి దాపరికం లేదు, పెదవికి తగలగానే ఉప్పని చెప్పేస్తుంది. సగం నిద్రలో ఇవన్నీ పొరలు పొరలుగా పరుచుకుంటాయి, నేను వాటిలోంచి కిందికి, ఇంకా కిందికి దిగుతూ ఉంటాను. మా మనవరాలు చూసి, "అమ్మమ్మా, నిద్రలో ఏం నములుతున్నావే?" అని నవ్వుతుంది. మట్టే అంటే నమ్ముతుందా?

మా ఆయన బోరు మేస్త్రీ. కమ్మరి ఇంట్లో పుట్టి, బెజవాడ కొండల దగ్గర రాళ్ళ క్వారీలో చిల్లులు వేసే పని నేర్చుకుని, తర్వాత ఈ పల్లానికి దిగి, భూమిలోకి గొట్టాలు దించి మంచినీళ్ళు తీసే పని పట్టుకున్నారు. అప్పటికి ఆ పని కొత్త. మూడు తాటిదూలాలు పైన కలిపి కట్టి ముక్కాలి నిలబెట్టడం, దానికి కప్పీ వేసి మోకు దించడం, మోకు చివర కడ్డీలు, కడ్డీల చివర మొన. ఊరి వాళ్ళంతా పెళ్ళిపందిరి చూసినట్టు చుట్టూ చేరి చూసేవాళ్ళు. నలుగురు మనుషులు కడ్డీని తిప్పుతూ ఆ ముక్కాలి కింద తిరుగుతుంటే, వాళ్ళ పాదాల కింద గట్టిపడ్డ గుండ్రటి దారి ఒకటి ఏర్పడేది.

మొనలన్నీ గోనెపట్టా మీద పరిచి ఉండేవి. వాటిని దాటి నడిస్తే ఆయనకి కోపం. బంకమట్టికి బరమా. మెలికలు తిరిగిన ఇనుము అది, తిప్పుతూ దించితే మట్టిని కరుచుకుని పైకొస్తుంది. ఇసుకకి బొక్కెన. దాని అడుగున తోలు మూత ఉంటుంది, దించితే తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. గట్టిపడ్డ గరపనేలకీ సున్నపు గడ్డలకీ పలక ఉలి. ఇక నాలుగు రెక్కల ఉలి ఒకటుంది, అది కొండరాతికి. ఈ పల్లంలో దానికి పనేముంది? రాయి పేరు చెబితే చాలు, ఇక్కడి వాళ్ళకి ఇంట్లో రుబ్బురోలు గుర్తొస్తుంది తప్ప నేలలో రాయి ఉంటుందని తెలియదు. అయినా ఆయన దాన్ని ఊరూరా మోసుకు తిరిగేవారు. వారానికోసారి నూనె రాసేవారు.

"ఎందుకండీ ఈ బరువు? అమ్మిపారేస్తే పోదా?" అనేదాన్ని.

"రాయితో పోట్లాట సులువే. అది ఎదురు తిరిగితే నేనూ తిరగబడతాను. ఈ మట్టి ఉందే, దీన్ని బతిమాలాలి. బతిమాలి బతిమాలి విసుగొచ్చినప్పుడు ఒకసారి ఈ ఉలి మొహం చూసుకుంటానే," అనేవారు.

అది నిజమే. ఈ నేలలో మొన తప్పు వేస్తే పగ తీర్చుకుంటుంది. బంకలో ఉలి వేశామా, పాకంలో దిగిన గరిటెలా అక్కడే కూర్చుంటుంది. లాగడానికి పదిమంది కావాలి. ఇసుకలో బరమా వేస్తే ఎంత తిప్పినా ఖాళీగా పైకొచ్చి వెక్కిరిస్తుంది. పైన నిలబడ్డవాడికి కింద ఏముందో కనిపించదు. కడ్డీ మీద చెయ్యి వేస్తే వచ్చే వణుకు, మోకు బరువు, మొనకి అంటుకుని వచ్చిన మట్టి, అంతే. ఆ మట్టిని చూసి, వాసన చూసి, చివరికి రుచి చూడాలి. ఇసుక తగిలి, అందులోని నీరు తియ్యగా ఉంటే అక్కడ ఆగి, జల్లెడ గొట్టం దించుకోవచ్చు. ఉప్పగా ఉంటే దాని కింద పొర కూడా కోసుకుని ఇంకా దిగాలి. ఆగాలా దిగాలా అన్నది నాలుక చెప్పాలి.

మా ఆయన నాలుక చుట్టపొగకి ఎప్పుడో చచ్చిపోయింది. కాకరకాయా కలకండా ఆయనకి ఒకటే. కొత్తలో, గుడివాడ దగ్గర ఒక ఆసామి దొడ్లో పని జరుగుతుంటే నేను క్యారియరు పట్టుకెళ్ళాను. బొక్కెన అప్పుడే పైకొచ్చింది. అందులోది చిటికెడు తీసి నా ముందు పెట్టి, "కాస్త నోట్లో వేసుకుని చెప్పవే," అన్నారు.

"చాల్లెండి సంబడం! కట్టుకున్నదానికి మట్టి తినిపించే మొగుణ్ణి మిమ్మల్నే చూశాను," అన్నాను. అని, వేసుకున్నాను. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో కుతూహలం అంతకంటే తొందరగా వస్తుంది. నాలుక చివర ఏమీ లేదు. అంచుల్లో, చాలా సేపటికి, ఎవరో పక్క గదిలో గుసగుసగా మాట్లాడినంత సన్నగా ఉప్పు. "కొంచెం ఉప్పుందండీ," అన్నాను. ఆసామి నవ్వాడు, అతనికి తియ్యగానే ఉందట. మా ఆయన నవ్వలేదు. బొక్కెన విప్పి బరమా బిగించారు. ఇంకా దిగాక వచ్చిన నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఆ రోజు నుంచి నా నాలుక పనిముట్టయిపోయింది. నేను తీపి అంటేనే ముక్కాలి దించేవారు. పిల్లాజెల్లా లేనిదాన్ని, ఇంట్లో కూర్చుని చేసేదేముంది? ఆయనతోపాటు నేనూ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను.

పడవ మీద తిరిగేవాళ్ళం. పడవ అడుగున గొట్టాలు, వాటి మీద గోనెలు, గోనెల మీద నేను. కాలవ గట్టున లాగేవాళ్ళు తాడు భుజానేసుకుని నడుస్తుంటే, పడవ కదులుతోందో గట్లే వెనక్కి వెళ్తున్నాయో తెలిసేది కాదు. పొద్దున్నే పొగమంచులో వరిచేలు కనిపించేవి కావు, వాటి వాసన మాత్రం వచ్చేది. కొంగ ఒకటి ఎగిరితే తెల్లటి దాన్లోంచి తెల్లటి ముక్క విడిపోయినట్టుండేది. వెల్లకిలా పడుకుని నేను పైన ఆకాశం చూసేదాన్ని కాదు, ఈ నీళ్ళ కింద, ఈ బురద కింద ఇంకెన్ని నీళ్ళున్నాయో అని ఆలోచించేదాన్ని. ఒకప్పుడు ఇదంతా సముద్రమేనని మా ఆయన చెప్పేవారు. సముద్రం వెళ్ళిపోలేదు, కిందికి దిగి పడుకుందంతే అనిపించేది నాకు. మనం దాని దుప్పటి మీద ఇళ్ళు కట్టుకుని, దాన్ని లేపకుండా మెల్లిగా నడుస్తున్నామనిపించేది. ఆ మాట చెబితే మా ఆయన చుట్ట తీసి, "నువ్వు ఎండలో ఎక్కువసేపు పడుకోకే," అన్నారు.

అలా ఒక ఏడు వేసవి ముందు దివిసీమలో ఒక ఊరి నుంచి కబురొచ్చింది. సముద్రానికి బాగా దగ్గర ఊరు. ఏటిపాయ దాటి వెళ్ళాలి. కబురు పంపింది ఒక పెద్దావిడ. భర్త పోయాక పొలమంతా తానే చూసుకునే మనిషి, నెత్తిన తువ్వాలు చుట్టుకుని తానే గట్ల మీద తిరిగేది. ఊరంతా ఆవిణ్ణి పెద్దమ్మగారూ అని పిలిచేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. అంతకుముందు వచ్చిన గాలివానకి సముద్రం పైకొచ్చి వాళ్ళ మంచినీళ్ళ చెరువులో పడింది. అప్పటి నుంచి ఆ నీళ్ళు గొడ్లు కూడా ముట్టడం లేదు. ఆడవాళ్ళు ఏటిపాయకి అవతల నుంచి పడవలో కుండలతో తెచ్చుకుంటున్నారు. పాయ పోటు మీదుంటే ఆ రోజుకి దాహమే, లేదా ఆ చెరువు నీళ్ళే. అప్పటికే సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి.

"రెండు బోర్లు వేయించాను నాయనా," అంది పెద్దమ్మగారు మా ఆయనతో. "రెండూ ఉప్పే. ఇది మూడోది. ఇదీ ఉప్పయితే నాలుగోది లేదు. ఉయ్యూరు దగ్గర మా తమ్ముడున్నాడు, చెరుకుతోటల మధ్య, కాలవ ఒడ్డునే ఇల్లు. వచ్చెయ్యమంటున్నాడు. నేను కదిలితే మిగిలినవాళ్ళూ కదులుతారు. ఈ ఊళ్ళో ఇక దీపం పెట్టేవాళ్ళుండరు."

ఏడవలేదు ఆవిడ. కొట్లో ధాన్యం ఎంత ఉందో చెప్పినట్టు చెప్పింది. ఆవిడ ఇంటి వెనక రెండు బళ్ళు ఇరుసులకి కందెన రాసి ఉన్నాయి.

పెద్దమ్మగారి వాకిట్లో ముక్కాలి నిలబెట్టాం. మొదట ఇసుక, గాలికి కొట్టుకొచ్చిన మెత్తటి ఇసుక. ఆ తర్వాత బూడిదరంగు బంక. బరమా తిరుగుతుంటే వచ్చే మూలుగు మధ్యాహ్నాలంతా వినిపించేది, నేను సరుగుడు చెట్ల నీడలో కూర్చుని ఆ మూలుగు వింటూ జోగేదాన్ని. దూరంగా సముద్రం కూడా అదే రాగం తీస్తున్నట్టుండేది. ఆ రోజుల్లో ఎందుకో నాకు ఎప్పుడూ నిద్రగా, ఎప్పుడూ తేలిపోతున్నట్టుగా ఉండేది. బరమా పైకొచ్చినప్పుడు లేచి వెళ్ళి మట్టి చూసేదాన్ని. అబ్బ, ఏం మట్టి అది! తొలకరి వాసన. నోట్లో వేసుకుంటే మీగడలా కరిగిపోయేది. ఒక చిటికెడు చాలదనిపించి ఇంకో చిటికెడు వేసుకునేదాన్ని. మా ఆయన చూడనప్పుడు కొంగు చివర కాస్త ముడేసుకున్నాను కూడా. ఊళ్ళు తిరిగి తిరిగి ఇన్ని రకాల మట్టి తిన్నాను, ఇంత రుచిగలది ఎక్కడా లేదనుకున్నాను.

బంక దాటాక ఇసుక తగిలింది. బొక్కెన వేశారు. బొక్కెన పైకి రాగానే ఊరు ఊరంతా నా చుట్టూ మూగింది. నేను నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాను. తీపి! ఎక్కడా, అంచుల్లో కూడా, ఉప్పన్నది లేదు.

"తీపండీ! చక్కటి తీపి. ఇక్కడే ఆపెయ్యండి," అన్నాను.

జనం ఒక్కసారి కేక వేశారు. ఎవరో నన్ను కావలించుకున్నారు. వాళ్ళూ తలా కాస్త నాలుక మీద వేసుకుని తీపే అన్నారు. మా ఆయన జల్లెడ గొట్టం సిద్ధం చేయమని చెప్పబోతుంటే పెద్దమ్మగారు చెయ్యెత్తింది.

"ఆగండి నాయనా. నాకు నమ్మకం చిక్కడం లేదు."

నాకు ఒళ్ళు మండింది. "ఊరందరిదీ ఒక దారి అయితే మీదొక దారా పెద్దమ్మగారూ? అందరూ తీపంటుంటే మీకెందుకు నమ్మకం లేదు?"

"మావాళ్ళ మాటకేం అమ్మాయ్. ఇన్నాళ్ళూ ఉప్పునీళ్ళు తాగి తాగి మా నాలుకలు పాడైపోయాయి. మాకు సముద్రం ఒక్కటే ఉప్పు, మిగతావన్నీ తీపే."

"మరి నా నాలుక?"

ఆవిడ నా మొహంలోకి చూసింది, నా కొంగు చివరి ముడి వైపు చూసింది. "నాలుకల సంగతి తర్వాత. మట్టి మెత్తబడాలని పైనుంచి మీరు పోసిన నీళ్ళన్నీ పోయేదాకా తోడించండి. ఆ తర్వాత వచ్చినవాటితో పప్పు పొయ్యి మీద పెడదాం. మనుషులు మొహమాటానికి తీపనొచ్చు. కందిపప్పుకి మొహమాటం లేదు," అంది.

ఆ మాట ఆ సీమలో ప్రతి ఇంట్లోనూ తెలిసినదే. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు. బద్దలు బద్దలుగానే తిరుగుతూ ఉంటాయి. కొత్తకోడలు కాపురానికి వస్తే మొదట పప్పు వండించి చూసేది కోడలి పనితనం కాదు, నీళ్ళ పనితనం అనేవాళ్ళు.

నీళ్ళు తేరడానికి కుండ లోపల ఇండుపగింజ అరగదీసి ఒక పూట ఉంచాం. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మగారి వంటింట్లో పొయ్యి ముందు నేనే కూర్చున్నాను, నా మాట నేనే నిలబెట్టుకుందామని. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుగా కూర్చున్నాను. పప్పు పొంగింది, నురుగొచ్చింది, నురుగు తీశాను. కట్టె తర్వాత కట్టె తోశాను. ఎండ గుమ్మంలోకి వచ్చి, గడప దాటి, నా పాదాల మీదికి పాకింది. గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కితే రాయిలా ఉంది. "ఉడుకు, నీ దుంపతెగ, ఉడుకు!" అని పప్పుని తిట్టాను. ఇంకో బద్ద తీశాను. అదీ అంతే. నీళ్ళు ఇగిరిపోయి, మళ్ళీ పోసి, మళ్ళీ ఇగిరిపోయినా అది చెక్కుచెదరలేదు.

గరిటె పొయ్యి మీదే వదిలేసి గోడకి జారగిలబడ్డాను. ఉప్పునీళ్ళే. నేను తీపన్నవి ఉప్పునీళ్ళే. ఆ నాలుకొక్కటేగా నాకున్నది! దాన్ని చూసేగా ఆయన నన్ను వెంట తిప్పుకుంటున్నారు, దాన్ని చూసేగా ఊళ్ళలో నన్ను మేస్త్రీగారి భార్యగా కాక ఒక మనిషిగా చూస్తున్నారు! వంటింటి వెనకకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. మట్టిరంగు నీళ్ళు.

పెద్దమ్మగారు చెంబుతో నీళ్ళు తెచ్చి వెనక నిలబడింది. ఏటి అవతల నుంచి తెచ్చిన మంచినీళ్ళు. "బయట కూర్చుని ఎన్నాళ్ళయిందమ్మాయ్?" అని మెల్లగా అడిగింది.

నాకు లెక్క తెలియలేదు. ఆరేళ్ళ కాపురంలో ఆశపడి ఆశపడి ఆ లెక్కే మానేశాను.

"ఆ బంక పైకొచ్చిన నాటి నుంచి చూస్తున్నాను, మట్టి అలా మీగడ నాకినట్టు నాకుతోందేమిటీ పిల్ల అని. నాకూ నా కొడుకు కడుపున పడ్డప్పుడు గోడ సున్నం కూడా బెల్లంలా ఉండేది. ఇప్పుడు నీ నాలుక నీది కాదమ్మా. దాన్ని ఎవరో అరువు తీసుకున్నారు," అని నా నెత్తి మీద చెయ్యి వేసింది.

నేను ఏడ్చాను. సంతోషమో, సిగ్గో, కోపమో తెలియలేదు, అన్నీ కలిపే ఏడ్చాను. మా ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, "ఏమైందే? పప్పు ఉడకలేదనా? పోతే పోయింది, కింద ఇంకో పొర చూద్దాం," అన్నారు. పెద్దమ్మగారు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. ఆయన చుట్ట జారి కింద పడింది. తీసుకోవడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోయారు.

ఇక ఆ కింది పొర. ఉప్పు ఇసుక కింద ఏదో గట్టిది తగులుతోంది. కడ్డీ మీద చెయ్యి వేస్తే టక్కుటక్కుమని వణికేది. సున్నపు గడ్డలు. కూలీల్లో పెద్దవాడు నాలుగు రెక్కల ఉలి వైపు చూపించి, "దీన్ని ఊరికే మోసుకొచ్చారా మేస్త్రీగారూ? వేసెయ్యండి, నాలుగు దెబ్బల్లో పగిలిపోద్ది," అన్నాడు. అందరికీ తొందరే. పాయ అవతల నుంచి ఆ రోజు పడవ రాలేదు, పిల్లలు నీళ్ళకి గోల పెడుతున్నారు.

మా ఆయన ఆ ఉలిని చేత్తో ఎత్తారు. నాకు ఆయన కళ్ళలో ఆశ కనిపించింది. ఎన్నేళ్ళుగానో నూనె రాసి దాచుకున్నది, ఒక్కసారి దెబ్బ వేయాలని చెయ్యి తహతహలాడుతోంది. గోనె మీద తిరిగి పెట్టేశారు.

"పగులుతుంది. అదే భయం," అన్నారు. "పగులు పక్కలకి పాకుతుంది. మనం గొట్టం దించినా ఆ పగుళ్ళలోంచి పై ఉప్పు కిందికి కారుతూనే ఉంటుంది. కింద అమృతం ఉన్నా విషమైపోతుంది. దీన్ని పగలగొట్టకూడదురా, కోయాలి."

పలక ఉలినే తీసుకుని కొలిమిలో పెట్టారు. అంచు సన్నగా సాగగొట్టి, కాల్చి, నీళ్ళలో ముంచి పదును పెట్టారు. తిత్తి నేనే ఊదాను. బొగ్గుపొగకి కడుపులో దేవుతున్నా ఊదాను. ఎత్తి దించిన ప్రతిసారీ కడ్డీని కాస్త కాస్త తిప్పేవారు, చిల్లు గుండ్రంగా, నున్నగా రావాలని. దెబ్బ గట్టిగా వేయనిచ్చేవారు కాదు. "బతిమాలండ్రా, బతిమాలండి," అనేవారు. గడ్డలు దాటాక మళ్ళీ బంక, పసుపుపచ్చ బంక, ముద్దపప్పులా ఉంది. ఉలి విప్పి బరమా బిగించారు. ఆ బంకలోకి గొట్టం బిగుతుగా దిగి కూర్చునేదాకా ఆయనకి తిండి లేదు. గొట్టం కూర్చున్నాక లోపలి ఉప్పునీళ్ళన్నీ తోడించారు. గొట్టానికి చెవి ఆనించి పైనుంచి ఏమీ కారడం లేదని విన్నారు. అప్పుడు మళ్ళీ బరమా. ఆ కింద, సన్నటి తెల్లటి ఇసుక.

బొక్కెన పైకొచ్చింది. ఈసారి ఎవరూ నావైపు రాలేదు. పాపం, మొహమాటం. పెద్దమ్మగారు కుండ నింపుకుని వంటింట్లోకి వెళ్ళింది, ఊరు ఊరంతా వాకిట్లో కూర్చుంది. వంటింట్లోంచి పప్పు వాసన వచ్చింది. కాసేపటికి ఆవిడ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. గరిటె తిప్పితే ముద్దగా, వెన్నలా జారింది. చూపించడానికి గిన్నె వంచబోయింది, సగం పప్పు వాకిట్లో ఒలికిపోయింది. బళ్ళకి కందెన రాసుకున్న మనిషి, అన్నాళ్ళూ కంట తడి పెట్టని మనిషి, ఆ ఒలికిన పప్పు పక్కనే చతికిలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "ఉంటామర్రా," అంది. "ఇక ఇక్కడే ఉంటాం."

జల్లెడ గొట్టం దించి పంపు బిగించారు. మొదటి ధార పడ్డప్పుడు ఆడవాళ్ళు దోసిళ్ళు పట్టి, మొహాలు కడుక్కుని, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. నేనూ దోసిలి పట్టాను. నోట్లో పోసుకుని అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు. తుప్పు వాసన, వెనకే వికారం. తీపో ఉప్పో, ఎంత వెతికినా నాకు దొరకలేదు. కళ్ళు తెరిచేసరికి మా ఆయన ముక్కాలి కట్టు మీద చెయ్యి వేసి నావైపే చూస్తున్నారు. ప్రతి ఊళ్ళోనూ అలాగే చూసేవారు, నా మాట కోసం.

"నన్నెందుకండీ చూస్తారు? పప్పు ఉడికిందిగా! ఊరంతా తాగుతోందిగా! నాకు తెలియడం లేదండీ, చచ్చిపోయింది నా నాలుక, దించేసుకోండి మీ ముక్కాలి!" అని అరిచాను. అందరి ముందూ అరిచాను.

ఆయన కట్టు మీంచి చెయ్యి తీసేశారు. "నువ్వు చెప్పకుండా నేనెప్పుడైనా దించానా?" అన్నారు. "నీ నాలుక నీకొచ్చాకే చెప్పు. అందాకా ఉండనీ."

"నెలలు పడుతుందయ్యా!" అని ఎవరో నవ్వారు.

"పట్టనివ్వండి," అన్నారు.

అలా ఉండిపోయాం. పక్క ఊళ్ళ పనులకి ఆయన వేరే దూలాలు కట్టించుకుని వెళ్ళొచ్చేవారు. ఆ వాకిట్లో ముక్కాలి మాత్రం కదపలేదు. వానలు వచ్చాయి. పెద్దమ్మగారు దాని కాలి దగ్గర సొరగింజ పెడితే తీగ పైదాకా పాకి, కప్పీ చుట్టూ చుట్టుకుని, తెల్లటి పూలు పూసింది. నేను దాని నీడలో పడుకుని, పైన తీగా, కింద నీళ్ళూ, నాలో ఇంకెవరో, అందరం మెల్లగా ఊగుతున్నట్టు అనుకుంటూ రోజులు గడిపాను. తాళాలు పడ్డ ఇళ్ళలో కొన్ని తెరుచుకున్నాయి. పొయ్యిల పొగ కనిపించేది.

ఆడపిల్ల పుట్టింది, ఆ ఇంట్లోనే, వెనక గదిలో. బాలింతకి పచ్చినీళ్ళు ఇవ్వరు. ఎంత దెబ్బలాడినా పెద్దమ్మగారు కాచి చల్లార్చిన వామునీళ్ళే పోసింది. వామునీళ్ళలో ఏం తెలుస్తుంది! పురిటిస్నానం అయిన రోజు ఆవిడే గ్లాసుతో పంపు నీళ్ళు తెచ్చి, "ఒక్క గుక్కే, జలుబు చేస్తుంది," అని చేతికిచ్చింది. గుమ్మం అవతల మా ఆయన నిలబడ్డ నీడ కనిపిస్తోంది.

నోట్లో పట్టి ఉంచాను. మొదట చల్లదనం. నాలుక చివర ఏమీ లేదు. అంచులకి వెళ్ళనిచ్చాను, గొంతు దాకా వెళ్ళనిచ్చాను, ఆగాను. నెలల తర్వాత నా నోరు నాకు తిరిగొచ్చి, ప్రతి మూలా వెతికింది. ఎక్కడా ఉప్పు లేదు. రేగడి మీద వాన పడ్డాక మిగిలే సన్నటి తీపి. మింగడానికి మనసొప్పలేదు.

"తీపేనండీ," అన్నాను గుమ్మం వైపు తిరిగి. "దించెయ్యండి."

అవతల కట్లు కోసిన చప్పుడు, సొరతీగ తెగిన చప్పుడు, తాటిదూలాలు ఒక్కొక్కటే నేల మీద పడిన చప్పుడు వినిపించాయి. ఒళ్ళో పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టాల్సిందిపోయి నేనూ దానితోపాటే ఏడుస్తూ కూర్చున్నాను.